సందడి ఇంటిలో ఏకాంత గడియ: సూసన్నా వెస్లీ అమ్మగారి జీవితము

ధ్యాన భాగములు: కీర్తన 55:17, లూకా 10:38-42, ద్వితీయోపదేశకాండము 6:6-9



మన సంఘములలో ఇల్లిల్లు దర్శించుచున్నప్పుడు మేము తరచు వినుచుండు మాట యొకటి కలదు. కోడి కూయకమునుపే లేచి, పాలు పితికి, పొయ్యి రాజేసి, పిల్లలకు ఇంత గంజి పోసి, నాట్లకో కలుపునకో పరుగెత్తు మాకు దేవుని సన్నిధిని నెమ్మదిగా కూర్చుండుటకు తీరిక యెక్కడిదని తల్లులు అడుగుదురు. ఈ మాటలో అబద్ధము లేదు. దీనిని సోమరుల సాకు అని త్రోసివేయుట న్యాయము కాదు. కావున తీరిక యెన్నడును దొరకని ఇంటిలోనే కాపురముండి, ఆ ఇంటిలోనే దినదినము దేవునితో ఏకాంతముగా గడిపిన ఒక తల్లి చరిత్రను ఈ నెల మీ ముందుంచుచున్నాము. ఆమె సూసన్నా వెస్లీ. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ అను దైవజనుల తల్లిగా ఆమెను ఎరిగినవారే యెక్కువ. కుమారుల సంగతి కొంచెము ప్రక్కన ఉంచి, ఆమెను ఆమెగానే ఎరుగుట మేలని మా తలంపు.

సూసన్నా 1669 జనవరి 20వ తేదీన లండను పట్టణములో జన్మించెను. తండ్రి డాక్టర్ సమూయేలు ఆనెస్లీ పేరుపొందిన బోధకుడు. ఇంగ్లాండు సంఘపు ప్రార్థన పుస్తకమునకు పూర్తి సమ్మతి తెలుపనివారు సంఘములలో ఉండరాదని 1662లో శాసనము వచ్చినప్పుడు, తమ స్థానములను విడిచి వెలుపలికి నడచిన సుమారు 2,000 మంది బోధకులలో ఆయన యొకడు. ఆయనకు కలిగిన 25 మంది పిల్లలలో సూసన్నా కడగొట్టు బిడ్డ. ఇంటికి పండితులు వచ్చుచు పోవుచుండిరి. సంఘమును గూర్చి, మనస్సాక్షిని గూర్చి వాదములు జరుగుచుండెను. ఈ పిల్ల ఆ వాదములు వినుచు, పుస్తకములు చదువుచు, 13 ఏండ్లు నిండకమునుపే తండ్రి విడిచివచ్చిన ఇంగ్లాండు సంఘములోనే తాను ఉండదలచితినని తీర్మానించుకొనెను. మనస్సాక్షి కొరకు నష్టపడిన తండ్రికి బిడ్డ మనస్సాక్షిని త్రొక్కివేయుట తగదని తోచెనేమో, ఆమెను త్రోసివేయలేదు.

ఆ ఇంటిలో ఉన్నప్పుడే ఆమె తనకొక నియమము పెట్టుకొనెను. పెద్దకుమారునికి అనేక సంవత్సరముల తరువాత వ్రాసిన ఉత్తరములో దానిని తెలిపినది. ఏ దినమందైనను ఏకాంత ప్రార్థనకును ధ్యానమునకును ఎంతసేపు ఇచ్చునో, అంతకు మించి ఆటపాటలకును కాలక్షేపమునకును ఇయ్యరాదు. నియమము ఇంతే. ఇందులో ఆటలు మానవలెనని లేదు. ప్రార్థన ఇన్ని గంటలు చేయవలెననియు లేదు. రెంటిని త్రాసులో వేసి చూచుకొనుమని ఉన్నది. ఈ త్రాసు మన యౌవనస్థులకును పనికివచ్చునని మాకు తోచుచున్నది.

1688లో, 19 ఏండ్ల ప్రాయమున, ఆమె సమూయేలు వెస్లీ అను యౌవన గురువును వివాహమాడెను. (ఈ చరిత్రలో తండ్రి సమూయేలే, భర్త సమూయేలే, పెద్దకుమారుడును సమూయేలే. చదువరులు తికమకపడకుందురు గాక.) ఆయన విద్వాంసుడు, కవి, కష్టజీవి, కోపిష్ఠి, డబ్బు లెక్క తెలియనివాడు. వారికి 19 మంది బిడ్డలు పుట్టిరి. వారిలో 9 మంది పసితనమందే పోయిరి. ఈ లెక్కను ఒక్క ముక్కలో వ్రాయుట మాకు సులభమే. ఆ తల్లి తొమ్మిది మారులు చిన్న పెట్టెను సాగనంపెను.

ఇంగ్లాండు తూర్పుభాగమున లింకన్ జిల్లాలో ఎప్‌వర్త్ అను చిన్న ఊరు కలదు. చుట్టును పల్లపు నేలలు, నీరు నిలుచు మడుగులు. 1697 నాటికి వెస్లీ కుటుంబము అచ్చటి గురువుగారి ఇంటిలో స్థిరపడెను. ఆ ఇల్లు కొయ్యతోను మట్టితోను కట్టి గడ్డి కప్పినది. ఊరివారికి ఈ గురువుగారి కఠిన బోధ రుచింపలేదు. ఆయన రాజకీయపు పక్షము అంతకంటెను రుచింపలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పవలెను. ధ్యానపరురాలనగానే ఎవ్వరు ఏమన్నను తల వంచుకొని ఉండునని మనము తలంచుదుము. సూసన్నా అటువంటిది కాదు. ఆ కాలమున దేశమునేలుచుండిన విలియమ్ రాజు నిజమైన హక్కుదారుడని ఆమె నమ్మలేదు. కుటుంబ ప్రార్థనలో భర్త ఆ రాజు కొరకు ప్రార్థింపగా ఆమె ఆమేన్ చెప్పలేదు. భర్త అది కనిపెట్టి కారణమడిగెను. ఆమె దాచలేదు. ఇద్దరు రాజులుండు ఇంటిలో పడకలును రెండుండవలెనని ఆయన కోపగించి, ఇల్లు విడిచి వెళ్లెను. ఆమె బ్రతిమాలెను గాని, నమ్మని దానికి ఆమేన్ చెప్పుటకు ఒప్పుకొనలేదు. 1702లో రాజు మరణించెను. ఆ వేసవిలోనే ఇంటికి నిప్పంటుకొని చాల భాగము కాలిపోయెను. ఆ కష్టమే భర్తను మరల ఇల్లు చేర్చెను. మరుసటి సంవత్సరము, 1703 జూనులో, వారికి కలిగిన బిడ్డయే జాన్. భర్త చేసినది తప్పని మేము అనుచున్నాము. ఆమె పట్టుదల సరియైనదా కాదా అనునది చదువరులు ఆలోచించుకొందురు గాక. అయితే దేవుని యెదుట ఒప్పుకొనని మాటను పెదవులతో పలుకరాదని ఆమె ఎంచినది. మౌనధ్యానమునకు పునాది ఇట్టి నిజాయితీయే గదా.

1705వ సంవత్సరము వారికి చేదు సంవత్సరము. ఎన్నికల తగాదాలో సమూయేలుగారు ఒక పక్షము వహించినందున ఊరి అల్లరిమూక రాత్రివేళ ఇంటి చుట్టు చేరి డోళ్లు వాయించి, కేకలు వేసి, తుపాకులు ప్రేల్చెను. సూసన్నా ప్రసవించి మూడు వారములైనను కాలేదు. పసిబిడ్డను ఎత్తుకొన్న దాది ఆ గోలకు రాత్రి చాలవరకు నిద్రలేక, తెల్లవారుజామున ఒడలెరుగక నిద్రించి, తెలియకయే బిడ్డమీద ఒరిగెను. బిడ్డ చనిపోయెను. కొలది వారములకే, 30 పౌనులు కూడ లేని అప్పు నిమిత్తము సమూయేలుగారిని లింకన్ కోటలోని చెరసాలకు తీసికొనిపోయిరి. ఆమె తన చేతి ఉంగరములను, ఇంకేమియు లేనందున, భర్తకు పంపగా ఆయన వాటిని త్రిప్పి పంపెను. ఇంటివద్ద పిల్లలు పాలతో బ్రతుకుచుండిరి. ఒక రాత్రి ఎవరో ఆ పాడి ఆవులను కత్తితో పొడిచిరి.

ఆ దినములలో యార్కు అగ్రబిషపు షార్ప్‌గారు, నీకు ఎన్నడైనను తినుటకు లేకపోయెనా అని ఆమెను అడిగిరి. బొత్తిగా లేకపోవుట ఎన్నడును జరుగలేదు గాని, అది దొరకుటకు ముందు పడిన చింతయు, తిన్న తరువాత దానికి వెల చెల్లించుటకు పడిన చింతయు ఆ ముద్దను చేదు చేసెనని ఆమె జవాబిచ్చెను. అప్పు చేసి పిల్లలను పోషించిన మన తల్లులలో ఈ జవాబు తెలియనివారు ఎవరు?

ఇట్టి ఇంటిలో ఆమె ఏకాంతముగా ఎచ్చట కూర్చుండెను? పైటవస్త్రమును తలమీద కప్పుకొని కుర్చీలో కూర్చుండగా, అమ్మ ప్రార్థించుచున్నదని పిల్లలు సద్దుమణిగెడివారని తరతరములుగా చెప్పుదురు. చెప్పుకొనుటకు చక్కని కథ. మాకు ఆమె స్వహస్తముతో వ్రాసిన పుస్తకములే ఎక్కువ ఆదరణగా నున్నవి. ఆమె ధ్యానములు వ్రాసికొనిన చేతి పుస్తకములు కొన్ని నిలిచియున్నవి. వాటిలో ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము అను మకుటములు కానవచ్చును. కీర్తనకారుడు 55వ కీర్తనలో చెప్పినదియు, దానియేలు కిటికీ తెరచి చేసినదియు ఈ మూడు వేళల ప్రార్థనయే. ఆ పుస్తకములలో ఆమె తన్ను తానే నీవు అని పిలుచుకొని మాటలాడును. ఈ దినము కోపము అదుపు తప్పినదా, మాట మితిమీరినదా, భోజనములో మితము నిలిచినదా, చదివిన పుస్తకములోని ఏ తలంపు దేవునివైపు త్రిప్పినది అని విచారించుకొనును. పాస్కల్ మొదలగు పండితుల గ్రంథములు చదివి, వారితో ఒప్పుకొన్న చోట ఒప్పుకొని, లేని చోట తన మాట వ్రాసెను. దేవుని సన్నిధి గుడికిని ప్రార్థన గదికిని మాత్రమే చెందినది కాదని, ఇంటి పనులలో తిరుగుచున్నప్పుడును ఆ సన్నిధిలోనే యున్నదానినని ఆమె పదేపదే తనకు తాను జ్ఞాపకము చేసికొనెను.

ఈ గడియలు ఆమెకు ఆకాశమునుండి ఊడిపడలేదు. ఏర్పాటు చేసికొనినది. ఇంటిలోనే ఆమె బడి పెట్టెను. ఉదయము 9 మొదలు 12 వరకు, మధ్యాహ్నము 2 మొదలు 5 వరకు పాఠములు. అయిదేండ్లు నిండిన మరుదినమే బిడ్డకు అక్షరములు. అవి రాగానే ఆదికాండము మొదటి అధ్యాయమే వాచకము. సాయంత్రము 5 గంటలకు బడి ముగియగానే పెద్దబిడ్డ మాటలు వచ్చిన కడపటి బిడ్డను, రెండవది ఆ పై బిడ్డను, ఈలాగున ఇద్దరిద్దరుగా కూర్చుండి, ఆ దినపు కీర్తనలను, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయమును చదువవలెను. 5 మొదలు 6 వరకు తల్లి తన గదిలో ఉండెడిది. పిల్లలను నోరు మూయించి తాను ప్రార్థన చేసినది కాదు. వారి చేతికి వాక్యమిచ్చి తాను వాక్యమునొద్దకు వెళ్లినది. 1716వ సంవత్సరాంతమున ఆ ఇంటిలో కారణము తెలియని తట్టుడు శబ్దములు కొన్ని వారములు వినవచ్చి అందరిని కలవరపెట్టెను. అవి ఏమైనను కానిండు, 5 నుండి 6 వరకు మాత్రము నన్ను ఆటంకపరచవద్దని సూసన్నా ఆ శబ్దమునకే చెప్పినదట! ఈ సంగతి చదివినప్పుడు మేము నవ్వుకొంటిమి. పొరుగమ్మ పలుకరించినంతనే లేచిపోవు మన ధ్యానములు కూడ మాకు జ్ఞాపకము వచ్చెను.

ఆమె శిక్షణలో ఇప్పటివారు మెచ్చని సంగతులును కలవు. పసిబిడ్డ మనోచిత్తమును మొదటనే లొంగదీయవలెనని ఆమె నమ్మకము. బెత్తమునకు భయపడుటయు, ఏడ్చినను మెల్లగా ఏడ్చుటయు ఒక యేడాది బిడ్డకు నేర్పితినని ఆమెయే 1732లో జాన్‌కు వ్రాసెను. ఇందులో ఆమెను అనుసరించుమని మేము చెప్పజాలము. అయితే అదే ఉత్తరములో, తప్పును నిజముగా ఒప్పుకొనిన బిడ్డను కొట్టరాదనియు, ఒకే తప్పునకు రెండుమారులు శిక్షింపరాదనియు, క్షమించిన దానిని మరల ఎత్తిపొడువరాదనియు వ్రాసినది. ఈ భాగము మాత్రము ప్రతి ఇంట చదువదగినది.

1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఆ ఇంటికి మరల నిప్పంటుకొనెను. సూసన్నా అప్పుడు నిండు గర్భిణి. ద్వారము దాటుటకు మూడుమారులు యత్నించి మంటలకు వెనుకకు పడి, కడకు నిప్పులోనుండియే నడచివచ్చెను. ముఖమును చేతులును కమిలిపోయెను. పిల్లలను లెక్కించగా అయిదేండ్ల జాన్ కానరాలేదు. తండ్రి మెట్లెక్కజూచెను గాని మెట్లు కాలుచుండెను. ఆయన మోకాళ్లూని బిడ్డ ఆత్మను దేవునికప్పగించెను. అంతలో మేడ కిటికీలో బాలుడు కనబడెను. నిచ్చెన తెచ్చుటకు వేళ లేదు. ఒకని భుజములమీద మరియొకడు నిలిచి వానిని దింపిరి. వెంటనే కప్పు కూలెను. అనేకులు ఈ కథను జాన్ వెస్లీ రక్షింపబడిన కథగానే చెప్పుదురు. తల్లి పక్షమున చూడగా ఆ రాత్రి ఆమె వ్రాతలన్నియు, పుస్తకములన్నియు, ఇల్లంతయు పోయినవి. పిల్లలు చుట్టాల ఇండ్లకును ఇరుగుపొరుగు ఇండ్లకును చెదరిపోయిరి. నెల గడచిన తరువాత ఆమెకు కడపటి బిడ్డ కెజియా పుట్టెను. ఇటుకలతో క్రొత్త ఇల్లు లేచి అందరును మరల కూడునప్పటికి, పిల్లలకు క్రొత్త పాటలు, క్రొత్త మాటలు, క్రొత్త చేష్టలు వచ్చియుండెను. కట్టినదంతయు మొదటినుండి మరల కట్టవలసివచ్చినది. కాలిపోయిన వ్రాతలకు బదులుగా ఆమె మరల కలము పట్టి, అపొస్తలుల విశ్వాస ప్రమాణమునకు వివరణను తన కుమార్తె సుకీ పేర ఉత్తరముగా వ్రాసెను. అది 1710వ సంవత్సరము.

ఇప్పుడు మన దక్షిణ దేశము ఈ చరిత్రలో ప్రవేశించుచున్నది. ఇది చాలమందికి తెలియని సంగతి. 1706 జూలైలో సీగెన్‌బాల్గ్, ప్లూచౌ అను ఇద్దరు జర్మను యౌవనస్థులు డెన్మార్కు రాజు పంపగా తమిళ తీరమునందలి తరంగంబాడిలో దిగిరి. మన దేశమునకు వచ్చిన మొదటి ప్రొటెస్టెంటు మిషనెరీలు వారే. వారి పనిని గూర్చిన వృత్తాంతములు ఇంగ్లీషులో అచ్చుపడి లండనులో వెలువడెను. 1711-12 శీతకాలమున సమూయేలుగారు గురువుల మహాసభకై లండనులో ఉండగా, పెద్దకుమార్తె ఎమిలీ తండ్రి పుస్తకముల గదిలో ఆ వృత్తాంతమును కనుగొని తల్లికి చదివి వినిపించెను. ఆమె ఎన్నో దినములు ఆ సంగతులు తప్ప మరేమియు తలంచలేకపోయెను. మనస్సు కదలిపోయినది. తాను పురుషుడు కాదు, బోధకుడు కాదు, ఓడ ఎక్కి పోగలది కాదు; అయినను చేయుచున్నదానికంటె ఎక్కువ చేయగలనేమో అని ఆలోచించి, మొదట తన పిల్లలతోనే ఆరంభింతునని నిశ్చయించుకొనెను.

అంతవరకు పిల్లలందరికి కలిపి బోధించుచుండెను. ఇకమీదట ప్రతి రాత్రి ఒక్కొక్క బిడ్డతో ఒంటరిగా మాటలాడుటకు కొంత వేళ ఏర్పరచెను. సోమవారము మాలీ, మంగళవారము హెట్టీ, బుధవారము నాన్సీ, గురువారము జాకీ (జాన్‌ను ఇంటిలో అట్లు పిలిచెడివారు), శుక్రవారము పాటీ, శనివారము చార్లెస్, ఆదివారము ఎమిలీయు సుకీయు. ఆ వేళ పాఠము కాదు, పని కాదు, చీవాట్లు కాదు. ఆ బిడ్డ మనస్సులో నున్నదేమి, భయమేమి, సందేహమేమి అని తల్లి వినును. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో ఇంట కూర్చున్నప్పుడు పిల్లలతో మాటలాడుమను ఆజ్ఞను మనమందరము ఎరుగుదుము. సందడిగానున్న ఇంటిలో ఒక్క బిడ్డకు తల్లి ముఖము పూర్తిగా దొరకుట యెంత అపురూపమో ఎక్కువ సంతానముగలవారే చెప్పగలరు. తన గదిలో దేవునియెదుట నిశ్శబ్దముగా ఉండుట నేర్చుకొనినందుననే ఆమె బిడ్డయెదుటను నిశ్శబ్దముగా కూర్చుండి వినగలిగెనని మేము నమ్ముచున్నాము.

అదే శీతకాలమున మరియొకటి జరిగెను. ఆదివారము సాయంకాలము ఆమె పిల్లలకును పనివారికిని కీర్తనలు చదివి, ప్రార్థించి, ఒక ప్రసంగమును చదివి వినిపించుచుండెను. పనిచేయు బాలుడొకడు ఈ సంగతి తన తలిదండ్రులకు చెప్పగా, వారును రావచ్చునా అని అడిగిరి. పిమ్మట వారి పొరుగువారు. 30 మంది 40 మందియైరి. కొన్ని వారములకు 200 మందికి మించి వచ్చి, చోటు చాలక అనేకులు వెనుదిరిగిరి. ఆవులను పొడిచిన ఊరే ఇది! సహాయ గురువు ఇన్‌మన్ ఇది క్రమము కాదని లండనుకు ఫిర్యాదు వ్రాసెను. సమూయేలుగారు కలవరపడి, స్త్రీ ఇట్లు చేయుట వింతగానున్నదని వ్రాసెను. ఆమె జవాబు నెమ్మదిగానున్నది, గట్టిగానున్నది. నేను స్త్రీనే, అయినను ఇంటి యజమానురాలను, మీరు లేనప్పుడు ఈ ఇంటిలోని ప్రతి ఆత్మ దేవుడు నాకప్పగించిన తలాంతు అని దాని భావము. సాయంకాల ఆరాధనకు మునుపు 20 లేక 25 మంది వచ్చెడి దేవాలయమునకు ఇప్పుడు 200, 300 మంది వచ్చుచున్నారనియు, సంవత్సరముల తరబడి గుడి ముఖము చూడనివారు వచ్చుచున్నారనియు తెలిపెను. దీనిని మానవలెనన్నచో, మానుట మేలని సలహా చెప్పవద్దు; స్పష్టమైన ఆజ్ఞ ఇమ్ము, తీర్పుదినమున నేను నిర్దోషినై నిలువవలెను అని ముగించెను. సమూయేలుగారు ఆజ్ఞ ఇయ్యలేదు.

తరంగంబాడి మిషను కథ మనకును చెందినదే. సీగెన్‌బాల్గ్ 1719లో 36 ఏండ్లకే మరణించెను. ఆ సంవత్సరమే అచ్చటికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనునతడు తరువాత మద్రాసులో పనిచేసి, తెలుగు నేర్చి, 1720ల చివర క్రొత్త నిబంధనను తెలుగు చేసెను. అది అచ్చుకాలేదు, అయినను మన భాషలో వేదమును పెట్టుటకు జరిగిన తొలి ప్రయత్నములలో అది యొకటి. సూసన్నా కుమారుల పరిచర్యవలన పుట్టిన మెథడిస్టు సంఘము తన మిషనెరీలను నిజాము రాజ్యమునకు పంపగా, 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము వారి పనియొక్క గురుతుగా నిలిచియున్నది. ఎప్‌వర్త్‌లో పుస్తకము విని కదలిన ఆ తల్లికి ఇవేవియు తెలియవు.

పిల్లలందరు సుఖపడిరని చెప్పజాలము. చదువులో అందరికంటె చురుకైన హెట్టీ 1725లో ఒక తప్పటడుగు వేసి, తనకు తగని వానితో తొందరగా పెండ్లి చేయబడి, జీవితమంతయు దుఃఖించెను. తండ్రి ఆమెతో సమాధానపడలేదు. మంగళవారపు సాయంకాలములు ఆ బిడ్డను ఈ దుఃఖమునుండి తప్పింపలేదు. ధ్యానము చేయు ఇంటికి కీడు రాదని బోధించువారు ఈ పుటను దాటి పోవుదురు, మేము దాటలేము.

గురువారములు మాత్రము ఊరకపోలేదు. 1732లో జాన్ ఆక్స్‌ఫర్డులో పండితుడై, 28 ఏండ్లవాడై యుండెను. అప్పుడతడు తల్లికి ఉత్తరము వ్రాసి, చిన్ననాడు గురువారపు సాయంకాలము తనకిచ్చినట్టు ఇప్పుడును తన కొరకు ఆ కొద్ది వేళను ప్రత్యేకింపుమని అడిగెను.

1735 ఏప్రిలులో భర్త మరణించగా ఆమె ఎప్‌వర్త్ విడిచి, కొంతకాలము ఎమిలీ యొద్ద, కొంతకాలము పెద్దకుమారుని యొద్ద, మరికొంతకాలము కుమార్తె మార్తా యొద్ద ఉండెను. స్వంత ఇల్లు లేని ముసలితనము. కడపట లండనులో జాన్ మందిరముగా మార్చిన పాత ఫిరంగుల కార్ఖానాలో, అతని గదుల ప్రక్కన చేరెను. 1739లో, 70 ఏండ్లు దాటిన తరువాత, ఆమెకొక అనుభవము కలిగెను. అల్లుడు హాల్‌గారు ప్రభురాత్రి భోజనమును పంచుచు, పాత్రను చేతికిచ్చి ఆ నియమింపబడిన మాటలు పలుకగా, అవి తన హృదయమును తాకి, క్రీస్తునుబట్టి దేవుడు తన పాపములన్నిటిని క్షమించెనని ఆ క్షణమున ఆమె నిశ్చయముగా ఎరిగెను. అట్టి నిశ్చయము తనకు కలుగునని ఆమె అంతకుముందు అడుగుటకే సాహసింపలేదట. ఎన్ని వేల ఉదయములు, ఎన్ని వేల సాయంకాలములు గడచెనో చూడుడు. ఆ నెమ్మది వచ్చినది మాత్రము అందరితోపాటు బల్లయొద్ద, చేయి చాచి పుచ్చుకొనుటలో.

ఆమె సమాధిరాతిమీద చార్లెస్ వ్రాసిన పద్యములలో, ఆ దినమునకు ముందటి 70 ఏండ్లు ధర్మశాస్త్రపు చీకటి రాత్రియని భావము కలదు. చార్లెస్ గొప్ప కవి, గొప్ప భక్తుడు. అయినను ఈ మాటతో మేము ఏకీభవింపజాలము. ఆ చేతి పుస్తకములను వ్రాసిన స్త్రీ చీకటిలో నున్నదని మాకు తోచదు. రాత్రంతయు వత్తి ఒత్తి, నూనె పోసి, వరుని కొరకు మేలుకొనియున్న కన్యకను చీకటిదని పిలుతుమా? తెల్లవారినది నిజమే. దీపమును ఆరిపోకుండ కాచుకొన్నదియు నిజమే.

1742 జూలైలో ఆమె మంచమెక్కెను. చార్లెస్ అప్పుడు లండనులో లేడు. జాన్ వచ్చి, మరణము సమీపించినదని చూచి, మంచము ప్రక్కన కూర్చుండెను. కుమార్తెలును అచ్చటనే యుండిరి. నోట మాట పడిపోకమునుపు ఆమె, తాను విడుదల పొందిన వెంటనే దేవుని స్తుతించి ఒక కీర్తన పాడుడని పిల్లలను కోరెను. ఆమె ప్రాణము విడిచినప్పుడు పెనుగులాట గాని నిట్టూర్పు గాని లేదు. ఆ గదిలో కొంతసేపు శబ్దము లేదు. అటుపిమ్మట వారందరు మంచము చుట్టు నిలిచి, తల్లి కోరినట్టు పాడిరి.